తుప్పు పట్టే డబ్బు: సిల్వియో గెజెల్ ఏం చెప్పాడు, మనకెంత పనికొస్తుంది?

2016 నవంబర్ 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యాక వాట్సాప్‌లో ఒక మాట బాగా తిరిగింది. ప్రతి పదేళ్లకోసారి దేశంలో కరెన్సీ మార్చెయ్యాలని బాబాసాహెబ్ అంబేడ్కర్ ‘ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ’లో రాశారట, ప్రభుత్వం ఇప్పుడు ఆయన ఆలోచననే అమలు చేస్తోందట. 1923లో లండన్‌లో అచ్చయిన ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేసినా ఆ ప్రతిపాదన కనిపించదు. ఆ పుస్తకం నడిపేది వేరే చర్చ: వెండి రూపాయి ఎలా పుట్టింది, బంగారంతో దాని సంబంధం ఏమిటి, డబ్బును జారీ చేసే ప్రభుత్వం చేతికి ఎంత స్వేచ్ఛ ఇవ్వాలి. అయినా ఆ మాట మన సభల్లో ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తుంది. విచారం ఏమిటంటే, అది మనవాళ్ల నోటి నుంచే వస్తుంది.

డబ్బుకు వయసు ఉండాలని, దాచిన కొద్దీ అది తరిగిపోవాలని నిజంగానే వాదించిన ఆర్థికవేత్త ఒకాయన ఉన్నాడు. పేరు సిల్వియో గెజెల్. యూనివర్సిటీలో చదువుకోలేదు, ఏ విద్యాపీఠంలోనూ పాఠం చెప్పలేదు. సరుకులు అమ్ముకునే వ్యాపారి. మన దేశంలో ఎకనామిక్స్ సిలబస్‌లో ఆయన పేరు దాదాపు కనిపించదు. నేనూ ఆయన్ని మొదట కీన్స్ పుస్తకంలోనే చూశాను. ఆయన్ని చదవాలని నేను అంటున్నది ఆయన చెప్పినదంతా ఒప్పని కాదు. భూమి లేనివాళ్లు, రోజు కూలీ మీద బతికేవాళ్లు, వడ్డీకి తెచ్చుకునేవాళ్లు ఎక్కువగా ఉన్న సమూహాల నుంచి వచ్చిన మనకు ఆయన వేసిన ప్రశ్న బాగా దగ్గరిది. ఆయన ఇచ్చిన జవాబు మాత్రం అంత దగ్గరిది కాదు.

గెజెల్ 1862లో సాంక్ట్ వీట్‌లో పుట్టాడు. అప్పట్లో అది జర్మన్ ప్రష్యాలో ఉండేది, ఇప్పుడు బెల్జియంలో ఉంది. కొన్నాళ్లు తపాలా శాఖలో చేశాడు, తర్వాత వ్యాపారంలోకి దిగాడు. 1887లో అర్జెంటీనా వెళ్లి బ్వేనస్ ఐరిస్‌లో వైద్య పరికరాల దుకాణం పెట్టాడు. అది విదేశీ అప్పులతో, కాగితపు డబ్బుతో అర్జెంటీనా ఊగిపోతున్న కాలం. 1890లో ఆ దేశం అప్పుల సంక్షోభం లండన్‌లోని బేరింగ్ బ్యాంకును కూడా కూలే అంచు దాకా తీసుకెళ్లింది. ధరలు ఒకసారి ఎగబాకుతాయి, ఇంకోసారి కూలిపోతాయి. గెజెల్ గోదాములో సరుకు అలాగే ఉంది, కొనాల్సినవాళ్లకు అవసరమూ ఉంది, కానీ డబ్బున్నవాళ్లు ధరలు ఇంకా పడతాయని చేతులు ముడుచుకుని కూర్చున్నారు. 1891లో ఆయన మొదటి పుస్తకం అక్కడే వచ్చింది. పెద్ద పుస్తకం, ‘సహజ ఆర్థిక వ్యవస్థ’ అని మనం చెప్పుకోదగ్గది, 1916లో జర్మన్‌లో వచ్చింది.

ఆయన వాదన మొత్తానికి కీలకం ఒక చిన్న పరిశీలన. బియ్యం పుచ్చిపోతాయి. ఇనుము తుప్పు పడుతుంది. బట్ట చీకిపోతుంది. గోదాముకు అద్దె, కాపలా, ఎలుకలు. సరుకు ఉన్నవాడికి ప్రతి రోజూ నష్టమే, కాబట్టి వాడు అమ్మి తీరాలి. డబ్బు ఉన్నవాడికి ఆ తొందర లేదు. అతని నోటు పుచ్చదు, నాణెం కుళ్లదు. బేరం మొదలవకముందే ఒకరు ఉరుకుల మీద, ఇంకొకరు తీరికగా ఉన్నారు. ఆ తీరికకు కట్టే కప్పమే వడ్డీ అన్నాడు గెజెల్. ఏదో ఒక మతంవాళ్ల, జాతివాళ్ల దురాశ వల్ల వడ్డీ పుట్టలేదని, డబ్బు తయారైన తీరులోనే అది ఉందని ఆయన వివరణ. యూరప్‌లో వడ్డీ పేరు చెప్పి యూదులను వేటాడుతున్న రోజుల్లో ఆ వేట అన్యాయమని ఆయన రాశాడు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

దీన్ని చెప్పడానికి ఆయన రాబిన్సన్ క్రూసో కథను తనదైన పద్ధతిలో వాడుకున్నాడు. దీవిలో రాబిన్సన్ దగ్గర మూడేళ్లకు సరిపడా ధాన్యం, తోళ్లు, బట్టలు నిల్వ ఉన్నాయి. ఒక కొత్త మనిషి వచ్చి, నా పంట చేతికొచ్చే దాకా అప్పుగా ఇవ్వమంటాడు. రాబిన్సన్ వడ్డీ అడుగుతాడు. వచ్చినవాడు వడ్డీ ఇవ్వనంటాడు. నీ ధాన్యానికి పురుగు పడుతుంది, నీ బట్టలకు చిమ్మట పడుతుంది, అదే నాకిస్తే వచ్చే ఏడాది కొత్త ధాన్యం, కొత్త బట్టలు తిరిగొస్తాయి కదా అని లెక్క చెబుతాడు. రాబిన్సన్ ఆలోచించి, వడ్డీ లేకుండానే ఇస్తాడు, ఇచ్చి సంతోషిస్తాడు కూడా. వాళ్లిద్దరి మధ్య డబ్బు లేదు కాబట్టి ఇద్దరూ సమానం అని గెజెల్ సారాంశం.

గెజెల్ ఎక్కువగా సరుకుల గురించి మాట్లాడాడు. నాకు మాత్రం ఈ కథ చదివినప్పుడల్లా అడ్డా మీద కూలీ గుర్తొస్తాడు. ఉదయం ఆరు గంటలకు అడ్డా మీద నిలబడ్డ మనిషి రేటు, తొమ్మిది గంటలకు అదే మనిషి రేటు ఒకటి కావు. పది దాటితే ఆ రోజు పోయినట్టే. లోకంలో అన్నిటికంటే వేగంగా పాడయ్యే సరుకు శ్రమ. నిన్నటి శ్రమను ఇవాళ అమ్ముకోలేం. దాన్ని కొనేవాడి జేబులోని నోటు మాత్రం రేపటికీ అంతే ఉంటుంది. మన ఊళ్లలో ఈ తేడా ఇంకో రూపంలోనూ నడిచింది. పాలేరుకు, జీతగాడికి ఇచ్చేది గింజలు, దొర పెట్టెలో దాచుకునేది వెండి. పుచ్చిపోయేది ఒకరికి, పుచ్చనిది ఇంకొకరికి.

మరి పరిష్కారం? డబ్బును కూడా సరుకులాగే పాడయ్యేలా చేయడం. గెజెల్ దానికి పెట్టిన జర్మన్ పేరు ఫ్రైగెల్డ్, అంటే విముక్త ధనం. ప్రతి నోటూ వారానికి వెయ్యో వంతు విలువ కోల్పోతుంది. ఆ విలువ నిలబెట్టుకోవాలంటే నోటు ఎవరి చేతిలో ఉందో వాళ్లు చిన్న స్టాంపు కొని అంటించాలి. ఏడాదికి లెక్కేస్తే 5.2 శాతం. ఇవాళ్టి రూపాయల్లో చూద్దాం. శనివారం 500 కూలి తీసుకుని వారంలోగా ఖర్చు పెట్టేసే మనిషికి పడే భారం ఎక్కువలో ఎక్కువ యాభై పైసలు. ఇంట్లో పది లక్షల నోట్లు దాచుకున్నవాడికి వారానికి వెయ్యి రూపాయలు, ఏడాదికి 52 వేలు. దాచుకోవాలంటే దాచుకోవచ్చు, బ్యాంకులో వేసుకోవచ్చు. అప్పుడు ఆ నోటును ఎవరికైనా అప్పుగా ఇచ్చి వదిలించుకోవాల్సిన తొందర బ్యాంకుది. వడ్డీ లేకపోయినా, తరుగు లేకుండా తన మొత్తం తనకు తిరిగొస్తే చాలని పొదుపు చేసేవాడు అనుకుంటాడు. అలా వడ్డీ క్రమంగా సున్నాకు దిగుతుందని ఆయన నమ్మకం.

ఈ విషయం చెప్పగానే విద్యార్థులు దాదాపు ప్రతిసారీ అడిగే ప్రశ్న ఒకటుంది: ఇది ద్రవ్యోల్బణమే కదా, రూపాయి విలువ ఇప్పటికే ఏటా పడిపోతోంది కదా? కాదు. ఈ తేడా పట్టుకోకపోతే గెజెల్ అర్థం కాడు. ద్రవ్యోల్బణంలో ధరలు పెరుగుతాయి. కూలి మాత్రం పెరగడానికి సమయం పడుతుంది. ఈ నెల కుదుర్చుకున్న కూలికి వచ్చే నెల తక్కువ బియ్యం వస్తాయి. అంటే నోటు దాచుకోనివాడు కూడా నష్టపోతాడు. గెజెల్ పద్ధతిలో ధరల సగటు కదలకూడదు. దాన్ని నిలకడగా ఉంచడానికి ఒక ద్రవ్య కార్యాలయం ఉంటుంది. ధరలు పడుతుంటే నోట్లు వదులుతుంది, పెరుగుతుంటే వెనక్కి లాగుతుంది. తరిగేది నోటు మాత్రమే, కూలి ఒప్పందం కాదు. భారం పడేది ఎంతకాలం దాచావన్న దాని మీద.

మూడు రూపాయల వడ్డీలో ఎంత భాగం డబ్బుది?

ఇక్కడ నా పేచీ మొదలవుతుంది. మన ఊళ్లలో నూటికి నెలకు రెండు రూపాయలు, మూడు రూపాయలు, అవసరం గట్టిదైతే ఐదు రూపాయలు వడ్డీ నడుస్తుంది. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. డబ్బు స్వభావం వల్ల పుట్టే మూల వడ్డీ ఎంత ఉంటుందన్నదానికి గెజెల్ చరిత్రంతా చూసి వేసిన అంచనా 4, 5 శాతం దగ్గర ఉంటుంది. దాని పైన ఉన్నది నష్టభయానికి, ధరల మార్పులకు చెందిందని ఆయనే విడదీసి చెప్పాడు. ఆ లెక్క ఒప్పుకున్నా, నోట్లకు స్టాంపు పెట్టి వడ్డీలోంచి ఐదు తీసేస్తే ఇంకా 31 మిగులుతుంది.

ఆ 31 ఏమిటి? బ్యాంకుకు చూపించడానికి పట్టా లేకపోవడం. పట్టా ఉన్నా అది అసైన్డ్ భూమి కావడం. ఆసుపత్రికి, చావుకు, పెళ్లికి రాత్రికి రాత్రి డబ్బు కావాల్సి రావడం. అప్పిచ్చేవాడే కూలి పని ఇచ్చేవాడు కావడం, కాబట్టి వడ్డీ కాగితం మీద ఒకలా, పొలంలో చాకిరీగా ఇంకోలా వసూలు కావడం. వెట్టిచాకిరీని 1976లో చట్టంతో రద్దు చేయాల్సి వచ్చిందంటేనే అప్పు అనేది డబ్బు లావాదేవీ మాత్రమే కాదని అర్థం. రాబిన్సన్ దీవిలో ఇద్దరే మనుషులు. ఆ ఇద్దరిలో ఒకరి బావిలో ఇంకొకరు నీళ్లు తోడుకోకూడదన్న కట్టుబాటు లేదు. కులం ఉన్న దీవిలో ఆ కథ అంత సులువుగా ముగియదు.

ఇంతకూ ఇది ఎక్కడైనా జరిగిందా? జరిగింది. మొదటి ప్రయత్నం గెజెల్ స్వయంగా చేయబోయి ఆగిపోయినది. 1919 ఏప్రిల్‌లో జర్మనీలోని బవేరియాలో విప్లవ ప్రభుత్వం ఏర్పడింది. గుస్టావ్ లాండావర్, ఎరిక్ మ్యూసామ్ వంటి అరాచకవాదులు అందులో ముఖ్యులు. గెజెల్‌ను ఆర్థిక శాఖకు పెట్టారు. వారం తిరగకుండానే కమ్యూనిస్టులు ఆ ప్రభుత్వాన్ని పక్కకు తోశారు, తర్వాత సైన్యం అందర్నీ తుడిచిపెట్టింది. గెజెల్ మీద రాజద్రోహం కేసు పెట్టారు. కోర్టులో తనే వాదించుకుని నిర్దోషిగా బయటపడ్డాడు. 1930 మార్చిలో బెర్లిన్ దగ్గర ఓరానియెన్‌బుర్గ్‌లోని ఈడెన్ అనే తోటల సహకార కాలనీలో చనిపోయాడు. తన డబ్బు ఒక ఊరిని నిలబెట్టడం ఆయన చూడలేదు.

చనిపోయిన ఏడాదికి బవేరియాలోనే ష్వానెన్‌కిర్షెన్ అనే పల్లెలో మూతపడిన బొగ్గు గనిని మాక్స్ హెబెకర్ అనే ఇంజినీరు కొని, కార్మికుల కూలిలో ఎక్కువ భాగం ‘వేరా’ అనే తరిగే నోట్లలో ఇచ్చాడు. అంగళ్లవాళ్లు మొదట తీసుకోమన్నారు. గని దుకాణమే తెరిచి సరుకు తెప్పిస్తే, బేరాలు పోతాయని వాళ్లూ దిగొచ్చారు. 1931 చివర్లో జర్మన్ ప్రభుత్వం అత్యవసర ఉత్తర్వుతో వేరాను నిషేధించింది.

ఎక్కువమంది చెప్పుకునేది ఆస్ట్రియాలోని వోర్గ్ల్ కథ. టిరోల్ పర్వతాల్లో నాలుగు వేలకు కొంచెం పైన జనాభా ఉన్న రైల్వే ఊరు. సిమెంటు, సెల్యులోజ్ ఫ్యాక్టరీలు దెబ్బతిని ఊళ్లో వందల మంది పనిలేకుండా ఉన్నారు. పన్నులు కట్టేవాళ్లు లేక మున్సిపాలిటీ ఖజానా ఖాళీ. మేయర్ మైకేల్ ఉంటర్‌గుగెన్‌బెర్గర్ రైల్వే కార్మికుడిగా జీవితం మొదలుపెట్టిన సోషల్ డెమోక్రాట్, గెజెల్‌ను శ్రద్ధగా చదివినవాడు. 1932 జులైలో ఆయన మున్సిపాలిటీ తరఫున ‘పని ధృవీకరణ పత్రాలు’ జారీ చేశాడు. 1, 5, 10 షిల్లింగుల నోట్లు. నెలకు ఒక శాతం తరుగు. నెల మారగానే స్టాంపు అంటించకపోతే నోటు చెల్లదు. స్టాంపుల సొమ్ము పేదల సహాయ నిధికి వెళ్లేది. జారీ చేసిన మేరకు అసలు షిల్లింగులు స్థానిక పొదుపు బ్యాంకులో పెట్టారు. నోట్లను అధికారిక డబ్బులోకి మార్చుకోవాలంటే 2 శాతం కోత.

32,000 షిల్లింగుల విలువైన నోట్లు అచ్చేసినా, ఒక సమయంలో జనం చేతుల్లో తిరిగినవి సగటున ఆరు వేల లోపే. ఆ కొద్దిపాటి నోట్లతో వీధులు వేశారు, దీపాలు పెట్టారు, వంతెన కట్టారు, మంచు మీద జారే ఆటకు గట్టు కూడా కట్టారు. జనం పాత పన్ను బకాయిలు కట్టడం మొదలుపెట్టారు. కొంతమంది ముందస్తుగానూ కట్టారు, ఎందుకంటే నెలాఖరుకు నోటు చేతిలో ఉంచుకుని స్టాంపు కొనడం కన్నా మున్సిపాలిటీకి పారేయడం మేలు. ఆస్ట్రియా అంతటా నిరుద్యోగం పెరుగుతున్నప్పుడు వోర్గ్ల్‌లో తగ్గింది. చుట్టుపక్కల ఊళ్లు, దూరపు ఊళ్లు, మొత్తం వందకు పైగా, మేమూ చేస్తామన్నాయి. దాంతో ఆస్ట్రియా జాతీయ బ్యాంకు మేలుకుంది. డబ్బు అచ్చేసే హక్కు తనొక్కదానిదే అంది. 1933 సెప్టెంబర్‌లో నోట్లు ఆగిపోయాయి. మేయర్ కోర్టుకెక్కి ఓడిపోయాడు.

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడ ఆపి, చూశారా తరుగుదల మహిమ అంటారు. నాకు అంత నమ్మకం లేదు. వోర్గ్ల్‌లో ఒకేసారి మూడు పనులు జరిగాయి. పనిలేనివాళ్లకు మున్సిపాలిటీ పని ఇచ్చింది. ఆ కూలి నోట్లనే తిరిగి పన్నుల కింద తీసుకుంటానంది. మూడోది నోటు తరిగిపోవడం. ఈ మూడింట్లో ఏది ఎంత చేసిందో పదమూడు నెలల అనుభవం నుంచి విడదీసి చెప్పడం కష్టం. నా అంచనాలో మొదటి రెండే బలమైనవి. కెనడాలోని ఆల్బెర్టా రాష్ట్రం 1936 ఆగస్టులో డాలరు నోటు మీద వారానికి ఒక సెంటు స్టాంపు పెట్టింది. ఏడాదికి 52 శాతం! వ్యాపారులు చాలామంది ముట్టుకోలేదు, ఏడాది తిరగకుండానే వాటిని వెనక్కి తీసుకున్నారు. తరుగుదల ఎంత ఎక్కువైతే డబ్బు అంత పరిగెత్తుతుందన్నది నిజమైతే ఆల్బెర్టా వోర్గ్ల్‌ను మించాలి కదా.

కీన్స్ చూపిన కన్నం

1936లో వచ్చిన ‘జనరల్ థియరీ’ 23వ అధ్యాయంలో కీన్స్ గెజెల్‌కు కొన్ని పేజీలు కేటాయించాడు. లోకం అన్యాయంగా పట్టించుకోని మనిషి అన్నాడు. రేపటి తరాలు మార్క్స్ కంటే గెజెల్ స్ఫూర్తి నుంచే ఎక్కువ నేర్చుకుంటాయని కూడా అన్నాడు. ఆ రెండో మాట మీద నాకు ఏమాత్రం ఏకీభావం లేదు, అది కీన్స్‌కు మార్క్స్ మీద ఉన్న చిరాకు చెప్పించిన మాట అనుకుంటాను. గెజెల్ అనుచరులు ఈ పొగడ్తను పదేపదే చూపిస్తారు. ఆ వెంటనే కీన్స్ చెప్పిన లోపాన్ని మాత్రం దాటేస్తారు.

ఆ లోపం ఇది. మనుషులు డబ్బు దాచుకునేది అది తుప్పు పట్టదని మాత్రమే కాదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు చేతికి వస్తుందని. నోటుకు ఆ సుఖం తీసేస్తే డబ్బున్నవాళ్లు ఆ సుఖాన్ని ఇంకోచోట వెతుక్కుంటారు. బ్యాంకు ఖాతా, విదేశీ కరెన్సీ, నగలు, బంగారం. ఒక్కోదాని వెంట స్టాంపు పట్టుకుని పరిగెత్తాలి. కొన్ని కాలాల్లో భూమి యాజమాన్యం కూడా అలాంటి ఆశ్రయమే అయిందని కీన్స్ గుర్తు చేశాడు.

దీనికి మనం వేరే దేశం వెళ్లి రుజువు వెతుక్కోనక్కర్లేదు. 2016లో రద్దు చేసిన నోట్లు అప్పటి చలామణి విలువలో 86 శాతం. రిజర్వ్ బ్యాంకు 2018 నివేదిక ప్రకారం వాటిలో 99.3 శాతం బ్యాంకులకు తిరిగొచ్చేశాయి. పెద్ద సంపద నోట్ల రూపంలో కూర్చుని లేదు. అది భూముల్లో, బంగారంలో, బినామీ పేర్లలో ఉంది. క్యూలో నిలబడి కూలి పోగొట్టుకున్నది ఎవరో ఈ పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. నోట్లనే తరిగేలా చేస్తే హైదరాబాద్ చుట్టూ ఎకరం ధర దిగుతుందా, ఎగురుతుందా? దాచుకోవడానికి నోటు పనికిరాకపోతే ఆ డబ్బు వెళ్లే మొదటి చోటు భూమే. దళితులకు ఇచ్చిన అసైన్డ్ భూములు అమ్మకూడదని ఆంధ్రప్రదేశ్‌లో 1977 చట్టం చెప్పినా ఎన్ని ఎకరాలు తెల్ల కాగితాల మీద చేతులు మారాయో చూసినవాళ్లం. 2015-16 వ్యవసాయ లెక్కల ప్రకారం దేశంలో సాగు కమతాల్లో సుమారు 12 శాతం ఎస్సీలవి, కానీ విస్తీర్ణంలో వాటి వాటా 9 శాతం లోపే. ఉన్న ఆ కాస్త మీదే ముందు ఒత్తిడి పడుతుంది.

న్యాయంగా చెప్పాలంటే గెజెల్‌కు ఈ ప్రమాదం తెలుసు. ఆయన పుస్తకం పేరులోనే విముక్త ధనం కన్నా ముందు విముక్త భూమి ఉంది. ఆయన్ని కేవలం ‘స్టాంపు నోట్ల మనిషి’గా చూపించేవాళ్లు ఆ మొదటి సగాన్ని వదిలేస్తారు. భూమి మొత్తాన్ని ప్రభుత్వం కొనాలి, యజమానులకు నగదు కాకుండా బాండ్లు ఇవ్వాలి, తర్వాత ఆ భూమిని కౌలుకు వేలం వేయాలి, కౌలు ఆదాయాన్ని పిల్లల సంఖ్యను బట్టి తల్లులకు పంచాలి. ఇదీ ఆయన పథకం.

ఇప్పుడు అంబేడ్కర్ 1947లో రాజ్యాంగ సభ కోసం తయారుచేసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’ తెరవండి. వ్యవసాయం ప్రభుత్వ పరిశ్రమ కావాలి. భూమిని ప్రభుత్వం తీసుకోవాలి, పరిహారంగా డిబెంచర్లు ఇవ్వాలి. డిబెంచరును వారసులకు ఇవ్వొచ్చు, బదిలీ చేయొచ్చు, కానీ దాన్ని చూపించి భూమిని తిరిగి అడిగే హక్కు లేదు. ఇంతవరకు ఇద్దరి దారి దాదాపు ఒకటే. ఒకరిది ఇంకొకరు చదివారనడానికి నాకు ఆధారం ఏదీ కనిపించలేదు, అలా చెప్పబోవడం లేదు కూడా. విడిపోయే చోటు చూడండి. గెజెల్ భూమిని ఎక్కువ పాడినవాడికి ఇస్తాడు. అంబేడ్కర్ కులం, మతం తేడా లేకుండా ఊరివాళ్లకు ఇచ్చి, సమష్టిగా సాగు చేయిస్తాడు, విత్తనం, నీళ్లు, పశువులు, పనిముట్లు ప్రభుత్వమే సమకూర్చాలంటాడు. భూస్వామి, కౌలుదారు, భూమిలేని కూలీ అనే మూడు రకాల మనుషులే ఉండకూడదంటాడు.

ఈ తేడా చిన్నది కాదు. వేలం అంటే ఏమిటో పంజాబ్ దళితులను అడగాలి. అక్కడి పంచాయతీ ఉమ్మడి సాగు భూమిలో మూడో వంతును ఎస్సీలకే కౌలుకివ్వాలని 1964 నాటి నిబంధనలు చెబుతాయి. ఏటా వేలం జరుగుతుంది. చాలా ఊళ్లలో దళితుడి పేరు మీద పాట పాడేది అతని వెనకున్న జాట్ భూస్వామి. సంగ్రూర్ ప్రాంతంలో జమీన్ ప్రాప్తి సంఘర్ష్ కమిటీ నాయకత్వంలో దళితులు ఇలాంటి డమ్మీ పాటలను అడ్డుకుని, అందరూ కలిసి భూమి తీసుకుని సామూహికంగా సాగు చేయడానికి పోరాడారు. లాఠీలు, బహిష్కరణలు ఎదుర్కొన్నారు. గెజెల్ వేలంలో పాట పాడే ఇద్దరూ ఒకే ఎత్తులో నిలబడి ఉంటారు. సంగ్రూర్‌లో నిలబడరు.

రూపాయి విషయంలో అంబేడ్కర్, గెజెల్ ఇంకా దూరం. అంబేడ్కర్ తన డీఎస్సీ సిద్ధాంతంలో కీన్స్ సమర్థించిన బంగారు మారక ప్రమాణాన్ని తప్పుపట్టారు. బయటి మారకపు రేటు నిలకడగా ఉంటే చాలదు, దేశం లోపల రూపాయి కొనే శక్తి నిలకడగా ఉండాలన్నది ఆయన పట్టు. జారీ చేసేవాడి ఇష్టానికి వదిలేస్తే ఆ నిలకడ ఉండదు కాబట్టి కొత్త రూపాయల ముద్రణే ఆపేసి, జారీకి కట్టుదిట్టమైన హద్దు పెట్టమన్నారు. ధరలు పెరిగి వ్యాపారులకు లాభం వస్తే ఆ లాభం కూలి మీద బతికేవాళ్ల జేబులోంచే వస్తుందని హిల్టన్ యంగ్ కమిషన్ ముందూ చెప్పారు. గెజెల్ కోరుకున్నదీ ధరల నిలకడే. కానీ ఆయన దాన్ని ఒక ద్రవ్య కార్యాలయం తెలివికి, నిజాయితీకి అప్పగిస్తాడు. అధికారం ఎవరి చేతిలో ఉందో ముందు అడగడం అంబేడ్కర్‌కు అలవాటు. నాలుగు గంటల వ్యవధిలో నోట్లు రద్దయిన దేశంలో ఏ ప్రశ్న ముందు అడగాలో నాకైతే సందేహం లేదు.

ఇంకో సంగతి దాచకూడదు. గెజెల్ పుస్తకంలో ‘సహజ’ అనే మాట అమాయకమైనది కాదు. వారసత్వపు ఆస్తులు, వడ్డీలు పోతే మనుషుల మధ్య పోటీ స్వచ్ఛంగా సాగుతుందని, ప్రకృతి ఎంపిక మళ్లీ పనిచేసి మేలైన మనుషులు పుడతారని ఆయన నమ్మాడు. తల్లులకు కౌలు సొమ్ము ఇవ్వాలన్న ప్రతిపాదన స్త్రీకి స్వేచ్ఛ ఇస్తుంది, నిజమే. ఆ స్వేచ్ఛతో ఆమె మెరుగైన సంతానాన్ని ఎంచుకుంటుందన్న ఆశ కూడా దాని వెనక ఉంది. పుట్టుకతో మేలు, కీడు నిర్ణయించే ఆలోచన కింద వేల ఏళ్లు నలిగినవాళ్లం. ఆ పేజీలను ‘అప్పట్లో అందరూ అలాగే రాసేవాళ్లు’ అని తిప్పేయలేం. ఇందాక చెప్పిన యూదుల విషయం కూడా ఇక్కడే గుర్తు చేయాలి. ఆయన యూదు ద్వేషాన్ని ఖండించినా, వడ్డీయే సర్వరోగ కారణం అన్న నినాదాన్ని నాజీలు తమ పద్ధతిలో వాడుకున్నారు, ఆయన అనుచరుల్లో కొందరు వాళ్లవైపు ఆశగా చూశారు. 1934కల్లా నాజీ ప్రభుత్వం ఆ ఉద్యమ సంస్థలనూ మూసేసింది. పెట్టుబడిని వదిలి వడ్డీని మాత్రమే తిడితే, ఆ తిట్టు చివరికి ఒక సముదాయం మీదకు మళ్లడం ఎంత సులువో ఇది చూపిస్తుంది. మన పట్టణాల్లోనూ వడ్డీ వ్యాపారి కులం పేరునో, ప్రాంతం పేరునో తిట్టుగా మార్చే ప్రసంగాలు వింటూనే ఉన్నాం.

ఈ ఆలోచన పాత పుస్తకాల్లోనే ఆగిపోలేదు. 2014 జూన్‌లో యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు తన దగ్గర డబ్బు ఉంచే బ్యాంకులకు వడ్డీ ఇవ్వకపోగా ఎదురు వసూలు చేయడం మొదలుపెట్టింది. 2022 దాకా అది సాగింది. స్విట్జర్లాండ్, జపాన్ కూడా ఆ దారిలో నడిచాయి. జర్మనీలోని ప్రీన్‌లో 2003లో ఒక ఉపాధ్యాయుడు, ఆయన విద్యార్థులు మొదలుపెట్టిన కీమ్‌గావర్ అనే స్థానిక నోటు గెజెల్ పద్ధతిలోనే తరుగుతుంది.

ఇప్పుడు స్టాంపు కూడా అక్కర్లేదు. డబ్బు ఫోన్‌లోకి వచ్చేశాక గడువు పెట్టడం ఒక కోడ్ రాసినంత సులువు. 2020లో కరోనా సాయంగా దక్షిణ కొరియా ఇచ్చిన సొమ్మును ఆగస్టు 31లోగా, అదీ ఎక్కువగా స్థానిక చిన్న దుకాణాల్లోనే ఖర్చు పెట్టాల్సి వచ్చింది. అక్కడ అది అన్ని కుటుంబాలకూ ఇచ్చిన సాయం, చిన్న వ్యాపారులకు పనికొచ్చింది కూడా. మన దగ్గర 2021 ఆగస్టులో వచ్చిన ఈ-రూపీ ఓచరు ఫలానా మనిషికి, ఫలానా పనికి మాత్రమే చెల్లుతుంది. 2022 డిసెంబర్ 1న రిజర్వ్ బ్యాంకు జనం వాడకానికి డిజిటల్ రూపాయి ప్రయోగం మొదలుపెట్టింది. ఎక్కడ, దేనికి, ఎప్పటిలోగా వాడాలో ముందే రాసిపెట్టగల డబ్బుగా దాని గురించి మాట్లాడుతున్నారు. గెజెల్ తరుగు పెట్టమన్నది పోగేసుకున్నవాడి డబ్బుకు. ఇప్పుడు గడువు రాసి ఇస్తున్నవి సంక్షేమ చెల్లింపులు, ఓచర్లు. రేపు స్కాలర్‌షిప్పుకో, ఉపాధి హామీ కూలికో, పింఛనుకో ‘ఈ తేదీలోగా’ అన్న షరతు వస్తే, మన సంఘాలు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఇప్పుడే సిద్ధం చేసుకోవాలి. ఆ గడువు ఎవరు పెట్టారు? సర్వర్ పనిచేయని రోజులను గడువులోంచి తీసేస్తారా? చెల్లకుండా పోయిన సొమ్ము ఏ ఖాతాకు వెళ్తుంది? వోర్గ్ల్‌లో అది పేదల సహాయ నిధికి వెళ్లేది, ఆ లెక్క ఊళ్లో అందరికీ తెలిసేది.